ఊపిరి పీల్చిన దొర

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా పెద్దమ్మ గౌరమ్మ.

మా ఊరి చెడుగుడు జట్టు వరసగా ఓడుతున్న కాలం. పాత దొర పోషించలేనన్నాడు. జట్టును తీసుకుంటానని వచ్చిన పొరుగు దొర, "చూద్దాం, ఆలోచిద్దాం" అంటూ రెండేళ్లు నాన్చాడు. ఆయనకు జడిసి ఇంకో దొర రాడు. ఆటగాళ్లు చెదిరిపోతారని ఊరంతా దిగులు.

ఒకనాడు బరి దగ్గరే చాపలల్లే నూకాలు ఆయన్ని నిలేసింది.

"దొరా, మా బరిలోకి వచ్చినవాడు ఒక్క ఊపిరితో కూత కూస్తూ మనిషినైనా అంటాలి, గీత దాటి వెనక్కైనా పోవాలి. మధ్యలో ఊపిరి పీలిస్తే బయటికే. తమరు రెండేళ్లుగా మా బరిలోనే నిలబడి హాయిగా పీలుస్తున్నారు."

జనం గొల్లుమన్నారు. దొర అక్కడికక్కడే తాంబూలం పుచ్చుకుని జట్టును తీసుకున్నాడు. ఆ ఏడూ ఓడాం, కానీ జట్టు నిలిచింది.

ఆ మాట తమ కరణం అన్నాడని పక్కూరివాళ్లు రాసుకున్నారు. ఆ కరణం బరిలో కాలు పెట్టి ఎరగడు. చదువొచ్చినవారెవరైనా అది కొట్టేసి నూకాలు పేరు రాయండి.