ముళ్లపంది మామ తాటాకు గొడుగులు

అనగనగా ఒక అడవిలో వానలు ఎవరూ అడగకపోయినా దంచికొట్టేవి. మూడు నెలలపాటు ఆకాశానికి చిల్లు పడినట్టే ఉండేది. అందుకని అక్కడ గొడుగు లేనిదే ఎవరికీ రోజు గడిచేది కాదు.

ఆ గొడుగులు అల్లేవాడు ముళ్లపంది మామ. ఎండాకాలంలో తాటాకులు కోసి, ఎండబెట్టి, వెదురు బద్దల మీద అల్లేవాడు. సూది కోసం వెతుక్కోనక్కరలేదు, వీపు మీద నుంచి ఒక ముల్లు పీక్కుంటే చాలు. ఎవరి తల కొలిచి వాళ్లకు అల్లేవాడు. దుప్పి కొమ్ములకు ఒక కొలత, ఎలుగుబంటి బుర్రకు ఒక కొలత. గొడుగు ధర రెండు దోసిళ్ల ఇప్పపూలు.

ఒక ఏడాది వానలు తగ్గాక, ఏటి అవతలి నుంచి ఒక నీటికాకి తెప్ప మీద వచ్చింది. రంగురంగుల గుడ్డ గొడుగులు చూపించింది. అన్నీ ఒకే కొలత. ధర ఒక్కటే దోసెడు. వచ్చే తొలకరికి తెప్ప నిండా తెస్తానని చెప్పి వెళ్లిపోయింది.

ముళ్లపంది మామకు గుబులు పుట్టింది. ఎండాకాలం రాగానే ఏనుగు తాత దగ్గరికి వెళ్లాడు.

"తాతా, ఈసారి గొడుగులు అల్లమంటావా, మానమంటావా? అల్లుతూ కూర్చుంటే వానాకాలానికి దుంపలు తవ్వి దాచుకోలేను. గొడుగులు అమ్ముడుపోతేనే నాకు తిండి" అన్నాడు.

ఏనుగు తాత అందరినీ పిలిచి సభ పెట్టాడు. "రెట్టింపు ధరైనా మన అడవి గొడుగే కొనేవాళ్లు చేతులెత్తండి!" అన్నాడు.

ముప్పై మంది చేతులెత్తారు. ఎలుగుబంటి అయితే రెండూ ఎత్తాడు.

కుందేలు ఒక్కతే ఎత్తలేదు. అందరూ ఆమె వైపు గుర్రుగా చూశారు.

"నాకు నలుగురు పిల్లలు మామా. రెండు దోసిళ్లు ఇచ్చుకోలేను. నేను ఆ గుడ్డ గొడుగే కొనుక్కుంటాను" అంది కుందేలు.

"సరేనమ్మా. అయితే నీకు అల్లను" అన్నాడు ముళ్లపంది మామ. ఆయనకేమీ కోపం రాలేదు.

ఎండాకాలమంతా వంచిన తల ఎత్తకుండా ముప్పై గొడుగులు అల్లాడు. దుంపలు తవ్వడానికి ఒక్కరోజూ పోలేదు.

తొలకరికి ముందు ఏటి ఒడ్డున సంత జరిగింది. ఒక పక్క ముళ్లపంది మామ, ఇంకో పక్క నీటికాకి కూర్చున్నారు.

మొదట దుప్పి వచ్చాడు. తాటాకు గొడుగు తిప్పి తిప్పి చూశాడు. "ఎంత బాగా అల్లావు మామా! ఇప్పుడే వస్తాను ఉండు" అని అటు వెళ్లి ఎర్ర గొడుగు కొన్నాడు.

తర్వాత ఎలుగుబంటి వచ్చాడు. "నేనొక్కడిని కొనకపోతే ఏమవుతుంది మామా? మిగతావాళ్లు కొంటారుగా" అని నీలం గొడుగు కొన్నాడు.

చివరికి ఏనుగు తాతే వచ్చాడు. తొండం చాటున పచ్చ గొడుగు పెట్టుకుని, ఇంకో దారిన వెళ్లిపోయాడు. సభ పెట్టిన పెద్దమనిషి!

సాయంత్రానికి ముప్పై గొడుగులూ అలాగే ఉన్నాయి. ముళ్లపంది మామకు ఏడుపొచ్చింది. అన్నీ మోసుకుని ఇంటికి పోయాడు.

తాటాకు గొడుగులకు పొయ్యి పొగ తగులుతుండాలి. లేకపోతే పురుగు పడుతుంది. కానీ వండుకోవడానికే ఏమీ లేని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? మామ దుంపలు వెతుక్కుంటూ దూరంగా కొండ మీదికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గొడుగులన్నీ పురుగు తినేసి జల్లెడలయ్యాయి.

అంతలో వానలు మొదలయ్యాయి. మొదటి వానకే దుప్పి కొమ్ములు ఎర్ర గుడ్డను చీల్చుకుని బయటికొచ్చాయి. ఎలుగుబంటికి నీలం గొడుగు ఒక చెవికే సరిపోయింది. ఏనుగు తాత సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక్క కుందేలు గొడుగు మాత్రం చక్కగా సరిపోయింది, ఆమె తల చిన్నది కదా.

ఏరు పొంగింది, నీటికాకి రాలేదు. అందరూ తడుస్తూ ముళ్లపంది మామ గుమ్మం ముందు నిలబడ్డారు.

"మూడు దోసిళ్లిస్తాం మామా, గొడుగులియ్యి" అన్నారు.

మామ జల్లెడలైన గొడుగులు తెచ్చి చూపించాడు. "వానలో తాటాకు ఎండదు. ఇప్పుడు కొత్తవి అల్లలేను" అన్నాడు.

"కుందేలు కూడా మా లాగే గుడ్డ గొడుగు కొంది కదా, తననేమీ అనవేం?" అన్నాడు ఎలుగుబంటి ఉక్రోషంగా.

"తను కొననని నాతో ముందే చెప్పింది. నువ్వూ చెప్పి ఉంటే నేను దుంపలు తవ్వుకునేవాడిని" అన్నాడు మామ.

ఎలుగుబంటి తల దించుకున్నాడు. ఆ మూడు నెలలూ కుందేలు తప్ప అందరూ తడిశారు, తుమ్మారు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఏనుగు తాత మళ్లీ సభ పెట్టాడు. ఈసారి కొందరు రెండేసి చేతులు ఎత్తడంతో నలభై చేతులు లేచాయి.

ముళ్లపంది మామ కొలతతాడు తీసుకుని ముందుకొచ్చాడు. "చేతులు దించండి. గొడుగు కావలసినవాళ్లు బయానాగా ఒక దోసెడు ఇప్పపూలు ఇక్కడ పోసి, తల ఇలా వంచండి" అన్నాడు.

చాలామంది మెల్లగా వెనక్కి జారుకున్నారు. తర్వాత ఏనుగు తాత సిగ్గుపడుతూ వచ్చి తల వంచాడు. దుప్పి వచ్చాడు. పిల్లలు పెద్దవాళ్లయ్యారని కుందేలు కూడా వచ్చింది. నలభై చేతుల్లో లెక్కకు తేలినవి తొమ్మిది తలలు.

మామ తొమ్మిదే గొడుగులు అల్లాడు. మిగిలిన రోజుల్లో దుంపలు తవ్వుకున్నాడు. ఆ వానాకాలం ఆయన పొయ్యి ఒక్కరోజు కూడా ఆరలేదు.

నీతి: కొనలేనని చెప్పడం తప్పు కాదు. కొంటానని చెప్పి కొనకపోతే, ఆ మాట నమ్మి పనిచేసినవాడు పస్తుంటాడు.