సామగింజలు పండినా కదలని కౌజుపిట్ట

అనగనగా ఒక అడవి. ఆ అడవిని వేసవిలో కారుచిచ్చు సగానికి సగం కాల్చేసింది పిల్లలూ! చెట్లు పోయాయి, పొదలు పోయాయి, గూళ్లు పోయాయి. ప్రాణాలతో బయటపడ్డవాళ్లకు తినడానికి గింజ లేదు.

అప్పుడు అడవికి పెద్దదైన ఏనుగమ్మ ఒక మంచి పని చేసింది. వాగుకి అవతల, మంట అంటని వైపు ఉన్నవాళ్లందరినీ పిలిచింది. "మీ తిండిలో కొంత తెచ్చి ఈ కొండగుహలో పోయండి. అన్నీ పోగొట్టుకున్నవాళ్లకు పెడదాం" అంది. అందరూ తెచ్చి పోశారు. గుహ కాస్తా గింజల కొట్టు అయింది. దానికి ముంగిసను కాపలా పెట్టి ఏనుగమ్మ ఇలా చెప్పింది:

"గూట్లో గింజ లేనివాళ్లకి రోజూ దొప్పెడు గింజలు ఇయ్యి. గింజ ఉన్నవాళ్లకి వద్దు. లేనివాళ్లకే అందాలి."

వినడానికి ఎంత బాగుందో కదా!

చారలమ్మ అనే కౌజుపిట్టను ఆ దొప్పే బతికించింది. మంటల్లో ఆమె మగడు పోయాడు. ఇంకా ఎగరలేని పిల్లలు ఐదుగురు మిగిలారు. ముంగిస దొప్పెడు గింజలు తెస్తే అందరి కడుపులూ నిండేవి.

ఇంతలో వానలు పడ్డాయి. కొండవాలు మీద బూడిదలోంచి సామలు మొలిచాయి, కంకులు వేశాయి. ఒక పొద్దున చారలమ్మ అటు వెళ్లి ఎగిరి గంతేసింది.

"అబ్బ! గింజలే గింజలు!"

అప్పటికి పండినవి కొన్నే. పిడికెడు ఏరుకుని, పరుగు పరుగున గూటికి వచ్చింది. పిల్లలు కిచకిచమంటూ చుట్టూ మూగారు. సరిగ్గా అప్పుడే దొప్ప పట్టుకుని ముంగిస వచ్చింది.

"చారలమ్మక్కా, నీ గూట్లో గింజలున్నాయే!"

"పిడికెడే తమ్ముడూ. ఇప్పుడే ఏరుకొచ్చాను."

"పిడికెడైనా గింజే కదక్కా. నాకు చెప్పింది అదే. ఇవాళ నీకు దొప్ప లేదు."

ఆ పిడికెడు ఇద్దరు పిల్లలకే సరిపోయింది. మిగతా ముగ్గురూ ఆకలికి ఏడ్చారు. మర్నాడూ వెళ్లింది, మళ్లీ అంతే అయింది. ఆ మర్నాడు చారలమ్మ గూట్లోంచి కదల్లేదు. ముంగిస వచ్చి చూసి, నిండు దొప్ప ఇచ్చి వెళ్లింది. పిల్లలు కడుపునిండా తిన్నారు.

"ఇంక కొండవాలు వైపు పోనే పోను" అనుకుంది చారలమ్మ. దొప్పలు అందుకునే ఎలుకలూ ఉడతలూ కూడా అలాగే అనుకున్నాయి. అక్కడ సామలు విరగపండి కంకులు నేలకు వంగాయి. కోసేవాళ్లు లేరు. ఇక్కడ కొట్టులో గింజలు అడుగంటాయి.

అందరికంటే ఎక్కువ గింజలు పోసిన అడవిపంది కోరయ్యకు ఒళ్లు మండిపోయింది. అడవి అంతటినీ గుహ ముందుకు పిలిపించాడు.

"చూశారా! కొండ నిండా సామలుంటే, వీళ్లు గూళ్లలో కూర్చుని నా కష్టం తింటున్నారు! ఊరికే పెడితే ఎవరు కదులుతారు? మూసెయ్యండి కొట్టు!"

"మూసెయ్యండి! మూసెయ్యండి!" అని వాగు అవతలివాళ్లు అరిచారు.

ఎలుగుబంటి దిగ్గున లేచింది. "మూసేస్తే పసివాళ్లు చచ్చిపోతారు కోరయ్యా! కళ్లు లేని కుందేలు తాత ఎక్కడికెళ్లి ఏరుకుంటాడు? ఎవర్నీ ఏమీ అడగొద్దు. ఇస్తూనే ఉందాం!"

"గింజలు అయిపోతే నువ్వు పెడతావా?"

"నీకు జాలి లేదా?"

గోలగోల అయిపోయింది! చారలమ్మ ఆలోచించింది. నోరు తెరిస్తే ఉన్న దొప్ప కూడా పోతుందేమో. తెరవకపోతే కొట్టే మూతపడుతుంది. పిల్లల వైపు ఒకసారి చూసుకుంది. చటుక్కున బండమీదికి ఎక్కింది.

"కోరయ్య మామా, నా మాట వినండి! నేను కొండకు వెళ్లాను. వెళ్లిన రోజు పిడికెడు వచ్చింది, దొప్పెడు పోయింది. గూట్లో కూర్చున్న రోజు నా పిల్లల కడుపు నిండింది. నా చోట మీరుంటే ఏం చేసేవారు?"

కోరయ్య కాలిగిట్టతో నేల గీరాడు.

"నేనూ కూర్చునేవాణ్ణే" అన్నాడు చివరికి.

ఏనుగమ్మ తల వంచింది. "తప్పు నేను చెప్పిన పద్ధతిలో ఉంది. ముంగిసా, ఇక నుంచి పిడికెడు ఏరుకున్నవాళ్లకు దొప్పలో అర పిడికెడే తగ్గించు. రెండు తెచ్చుకుంటే పిడికెడు తగ్గించు. కుందేలు తాతలాంటి వాళ్లకు మాత్రం ఎప్పటిలా నిండుగా ఇయ్యి."

"అంటే ఎంత ఏరుకుంటే అంత లాభం! కొట్టులోనూ మిగులుతుంది!" అని కోరయ్య గంతేశాడు.

అంతలో ఫెళఫెళమని ఉరిమింది. కొండ మీద నల్లమబ్బు!

"అయ్యో, సామలు! వాన కొడితే రాలిపోతాయి!" అని అరిచింది చారలమ్మ.

ఒక్కసారిగా అందరూ కొండకు పరుగెత్తారు! ఎలుకలు కంకులు కొరికాయి. ఉడతలు అందుకున్నాయి. ఎలుగుబంటి మోసుకెళ్లింది. "చారలమ్మా, ఈ పక్క నాది, ఆ పక్క నీది! కానీ, కానీ!" అంటూ కోరయ్య మోపులు నెట్టాడు. ఆఖరి మోపు గుహలోకి చేరిందో లేదో, కుండపోతగా వాన!

గుహలో తడిసి ముద్దయిన కోరయ్య, చారలమ్మ పక్కకొచ్చి కూర్చున్నాడు.

"మీది బద్ధకం అనుకున్నాను అమ్మా. ఒక్కసారైనా అడగాల్సింది."

చారలమ్మ నవ్వింది. ఆమె రెక్కల కింద, పొట్టలు ఉబ్బిన పిల్లలు ఐదుగురూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు.

నీతి: పడినవాడికి చేయూత ఇవ్వాలి, కానీ లేవబోయిన క్షణంలోనే చెయ్యి వదిలేస్తే, అతను లేవడానికే భయపడతాడు.