బుల్లిమంగ చూసిన నిప్పురవ్వ

గోదారి మీద ఇన్ని వంతెనలు లేని రోజుల్లో, అనగా అనగా ఒక లంక. ఆ లంకకి ఒకే రేవు. ఆ రేవుకి ఒకే ఇంజను పడవ. పడవ అడుగున ఊరే నీళ్లు తోడిపోయడానికి ఒకామె ఉండేది. ఆమె పేరు బుల్లిమంగ.

పేరుందన్న మాటే గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. "ఓ నీళ్లు తోడేదానా" అనేవారు. ఆమె పలికేది. పొద్దస్తమానం ఇంజను పక్కన గొంతుక్కూచుని రేకుడబ్బాతో తోడేది. ఆ ఇంజను చాలా పాతది. పట్నం నించి మేస్త్రీ వచ్చి విప్పినప్పుడల్లా, ఆమె తోడుతూనే చూసేది. ముందు ఏది విప్పుతున్నాడు, తర్వాత ఏది తుడుస్తున్నాడు, చివరికి దేన్ని గీకుతున్నాడు, అన్నీ చూసేది. ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఒక శ్రావణమాసంలో, సంతరోజు. పడవనిండా జనం. నడి గోదాట్లో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పడవ నడిపే సరంగు పోతురాజు తాడు లాగాడు. ఇంజను పలకలేదు. మళ్లీ లాగాడు. పలకలేదు. అరచేతులు బొబ్బలెక్కేదాకా లాగాడు. పలకలేదు.

అప్పటికే సముద్రప్పోటు తగ్గి పాటు మొదలై, నీరు పడవని సముద్రం వైపు లాక్కుపోతోంది. గెడ వేస్తే అడుగు అందలేదు. దూరంగా, గోదారి సముద్రంలో కలిసేచోట కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. చంటిపిల్లల తల్లులు ఏడుపు మొదలెట్టారు.

"పెట్రోలు అయిపోయిందేమో" అన్నారెవరో. మూత తీసి చూస్తే ఉంది.

అప్పుడు బుల్లిమంగ డబ్బా పక్కన పెట్టింది.

"బాబూ, నిప్పురవ్వ పడుతుందో లేదో చూశారా?"

"నీళ్లు తోడేదానివి, నీకేం తెలుసే?" అన్నాడు పోతురాజు.

"తెలీదండి. చూద్దాం."

పోతురాజు ఆ కెరటాల వైపు చూశాడు. పానా తీసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె ఇంజనులో రవ్వ వేసే ప్లగ్గు విప్పింది. పెట్రోలు ఆవిరి అంటుకోకుండా ఆ కన్నాన్ని తడిగుడ్డతో మూసింది. వైరు తగిలించిన ప్లగ్గుని ఇంజను ఇనుముకి ఆనించింది. ఎండలో రవ్వ కనిపించదని కొంగు తలమీదుగా కప్పుకుని వంగింది.

"లాగండి." పోతురాజు లాగాడు. కొంగు కింద చీకటే.

ప్లగ్గు మసి గీకి, పొడిగా తుడిచింది. "లాగండి." చీకటే.

వైరు పొడుగునా వేళ్లతో తడిమింది. ఎక్కడా చిట్లలేదు. తడి తుడిచింది. "లాగండి." చీకటే.

"ఇంకేముంది?" అన్నాడు పోతురాజు.

"తెలీదండి. చూద్దాం."

ఇంజను చక్రానికున్న కంతలోంచి చూస్తే, దాని కింద రెండు చిన్న బిళ్లలుంటాయి. మేస్త్రీ వాటిని పాయింట్లనేవాడు. అవి కలిసి విడిపోతేనే రవ్వ పుడుతుంది. ఉప్పుగాలికి వాటి మధ్య తెల్లగా పొక్కు కట్టింది. బుల్లిమంగ పక్కనున్న తాత చేత ముందు చుట్ట ఆర్పించింది. తర్వాత అగ్గిపెట్టె అడిగింది. పుల్ల గీసే గరుకు పక్క చింపి, బిళ్లల మధ్య పెట్టి, మూడుసార్లు మెల్లగా లాగింది. గుడ్డతో తుడిచి మళ్లీ కొంగు కప్పుకుంది.

"లాగండి."

పోతురాజు లాగాడు. బుల్లిమంగ కొంగు కింద నించే అంది: "పడింది. నీలంగా పడింది బాబూ."

ప్లగ్గు బిగించారు. తాడు లాగితే ఇంజను పలికింది. అప్పటికే కెరటాల తుంపర మొహాల మీద పడుతోంది. పడవ వెనక్కి తిరిగి, మెల్లగా ఏటికి ఎదురెక్కి, రేవు చేరింది.

పోతురాజు ముందు దిగి ఆమెకి చెయ్యందించాడు. "నీ పేరేంటక్కా?"

చెప్పింది. చాలాకాలం తర్వాత చెప్పడంతో తన పేరు తనకే కొత్తగా వినిపించింది.

ఆ మర్నాడు కూడా బుల్లిమంగ నీళ్లే తోడింది. కాకపోతే పోతురాజు ఆమె పక్కన కూచుని నేర్చుకున్నాడు. అడిగినవాళ్లందరికీ ఆమె నేర్పింది. పండుముసలై, అందరి చేతుల్లో కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ లంకకి కాపురానికొచ్చే కొత్తకోడలు పడవెక్కితే, నడి గోదాట్లో సరంగు ఇంజను ఆపేస్తాడు. ప్లగ్గు విప్పి ఆమె చేతిలో పెడతాడు. పట్టుచీర కొంగు కప్పుకుని ఆ పిల్ల రవ్వ చూడాలి. "పడింది" అని ఆమె అన్నాకే పడవ కదులుతుంది. వేళ్లకంటిన నల్లమసి తుడుచుకోబోతే అత్తగారు వద్దంటుంది. గోరింటాకు మీద ఆ మసితోనే కోడలు గడప దాటాలి.