ఇత్తడి చిలక తోలిన బండి

అనగా అనగా ఒక ఉప్పుటేరు ఉండేది. ఏటికి ఇటు రాజుగారి పట్నం. అటు ఉప్పు మడులు, ఉప్పు పండించేవాళ్ళ గుడిసెలు. మధ్యలో వంతెన లేదు. పోటు తగ్గినప్పుడు ఏటిలో మోకాలి లోతు నీళ్ళు మిగిలేవి. అప్పుడు బళ్ళు దాటేవి.

ఆ ఏటిలో ఊబి ఉండేది. అది ఒకచోట ఉండేది కాదు. పోటు వచ్చి పోయిన ప్రతిసారీ చోటు మార్చుకునేది. నిన్న గట్టిగా ఉన్న ఇసక ఇవాళ మనిషిని మింగేది.

అందుకని బండివాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. ఏటి ఒడ్డుకి రాగానే బండివాడు ఎడమ పక్కకి దిగేవాడు. పగ్గాలు కాడికి చుట్టేవాడు. వెదురు కర్రతో ఇసకని పొడిచి చూసుకుంటూ ఎడ్లకి ముందు నడిచేవాడు. ఊబి ఉంటే ముందు దిగబడేది వాడి కాలు. ఆ తర్వాతే ఎడ్లు, ఆ తర్వాతే బండిలో జనం. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. అయినా ఎవరూ దాన్ని తప్పలేదు.

అలా పన్నెండు బళ్ళు తిరిగేవి. పదకొండు జోడెద్దుల బళ్ళు. పన్నెండోది దాలయ్యది. అది ఒంటెద్దు బండి.

దాలయ్యకి పెళ్ళాం పోయింది. పిల్లలు లేరు. మాట తక్కువ. నలుగురిలో నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అతనికి ఉన్నదల్లా బూడిద అనే ఎద్దు. ఆ కాలంలో పశువులు మాట్లాడేవి. కాకపోతే ఓపిగ్గా వినేవాళ్ళతోనే మాట్లాడేవి. దాలయ్యకి ఓపిక తప్ప ఇంకేం లేదు కాబట్టి బూడిద అతనితో బాగా మాట్లాడేది.

ఒక ఏడు దూరదేశం నించి మణిదత్తుడనే వర్తకుడు వచ్చాడు. సభలో ఒక ఇత్తడి చిలకని పెట్టాడు. దాని కళ్ళు ఎర్ర రాళ్ళు.

"ప్రభూ, దీన్ని బండి కాడి మీద కూర్చోబెడితే చాలు. దారి అదే చూస్తుంది, ఎడ్లని అదే నడిపిస్తుంది. ఇక మీ రాజ్యంలో బండి తోలేవాడే అక్కర్లేదు" అన్నాడు.

"ఏదీ, చూపించు" అన్నాడు రాజు.

మర్నాడు కోట వీధి ఊడ్చారు. రెండు పక్కలా తాళ్ళు కట్టారు. చిలకని కూర్చోబెట్టిన బండి ఈ చివర నించి ఆ చివరికి తిన్నగా వెళ్ళింది. తోలేవాడు లేడు. జనం చప్పట్లు కొట్టారు.

ఉప్పు గంప దించుకుని చూస్తున్న నూకమ్మ మాత్రం పక్కామెతో అంది, "తాళ్ళు కట్టిన వీధిలో మా మేకపోతు కూడా తిన్నగానే పోద్ది. దాని మీద ఏం కూర్చోబెట్టాలి, కాకినా?"

నూకమ్మ ఏటి అవతల ఉప్పు మడుల్లో పెద్దది. జుట్టు నెరిసింది, నోరు నెరవలేదు.

రాజుకి చిలక నచ్చింది. బండివాళ్ళ దగ్గర ఎడ్లన్నీ కొని మణిదత్తుడికి ఇమ్మన్నాడు. పదకొండు మంది ఎడ్లని అప్పజెప్పారు. ఎడ్లు లేని బండివాడికి ఆ ఊళ్ళో పనేముంది? ఒకడు తూర్పుకి, ఒకడు పడమటికి, మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయారు. దాలయ్య ఎద్దుని మణిదత్తుడు వద్దన్నాడు.

"ఒంటెద్దు బండి మీద చిలకని పెడితే నవ్వుతారు" అన్నాడు.

అలా దాలయ్య ఒక్కడే మిగిలాడు.

రెండోసారి చిలక బండి పట్నం నించి ఏటి ఒడ్డు దాకా, రెండు కోసుల దూరం, వెళ్ళి వచ్చింది. మధ్యలో మలుపులున్నాయి, ఒక మావిడితోట ఉంది. ఎక్కడా తప్పలేదు. ఈసారి నూకమ్మ కూడా ఏమీ అనలేదు.

దారి పక్కన మేస్తున్న బూడిద తలెత్తింది.

"దాలయ్యా, చిలక బండికి కట్టినవి మన గురవడు తోలిన ఎడ్లు."

"అవును" అన్నాడు దాలయ్య.

"సంతరోజు గురవడు కల్లు తాగి బండిలో పడి నిద్రపోయేవాడు. పదేళ్ళ పాటు ఈ దారిలో వాణ్ణి ఇంటికి చేర్చింది అవే. అప్పుడు వాడి నెత్తి మీద చిలక లేదు."

 దాలయ్య తల దువ్వుకుని, ఉతికిన పంచె కట్టుకుని సభకి వెళ్ళాడు. ఆ మాట చెప్పాడు. సభలో అందరూ నవ్వారు.

మణిదత్తుడు మెత్తగా అడిగాడు, "నీ పొట్ట కొడుతుందని కదూ నా చిలక మీద చాడీలు చెబుతున్నావు?"

దాలయ్యకి అబద్ధం చేతకాదు. "పొట్ట కోసం కూడానండీ. అయినా అవి గురవడి ఎడ్లే" అన్నాడు.

మొదటి మాటే అందరికీ వినబడింది. రెండోది నవ్వుల్లో కలిసిపోయింది.

"వచ్చే నెల నా చిలక ఏరు దాటుతుంది. అందాకా మనుషులు నడిపే బళ్ళు ఏటిలోకి దిగకూడదు ప్రభూ. దిగితే చిలక చూపు చెదురుతుంది" అన్నాడు మణిదత్తుడు. రాజు సరేనన్నాడు.

వచ్చే నెల వచ్చింది. "చిలక ఇంకా నేర్చుకుంటోంది" అన్నాడు. ఆ పై నెల వచ్చింది. "గాలి వాటంగా లేదు" అన్నాడు. ఉప్పు జనం గంపలు నెత్తిన పెట్టుకుని కొండ చుట్టూ తొమ్మిది కోసులు నడిచి పట్నం వచ్చేవాళ్ళు. వాళ్ళ కాళ్ళు పుళ్ళు పడ్డాయి. సంతలో ఎవరైనా "చిలక ఎప్పుడు దాటుద్ది?" అని అడిగితే, "రేపు" అని ఒకరు, "ఎల్లుండి తర్వాత రేపు" అని ఇంకొకరు అనేవాళ్ళు. అదొక సామెతలా అయిపోయింది.

దాలయ్య రోజూ ఏటి ఒడ్డుకి వచ్చి కూర్చునేవాడు. పోటు తగ్గేది. నీళ్ళు మోకాలి లోతుకి వచ్చేవి. దాటేవాళ్ళు లేరు. కొంగలు మాత్రం దాటేవి. కర్రతో ఒడ్డున తడి ఇసకని పొడుస్తూ ఉండేవాడు. అది గట్టిదే అని తెలిసినా పొడిచేవాడు.

"ఇవాళ నాతో తప్ప ఎవరితో మాట్లాడావు?" అని ఒకరోజు బూడిద అడిగింది.

"పొద్దున ఒకడు దారి అడిగాడు."

"చెప్పావా?"

"చెప్పేలోపు వెళ్ళిపోయాడు."

 బూడిద వచ్చి అతని పక్కనే పడుకుంది.

మూడో నెలలో రాజుకి ఓపిక చచ్చింది. "రేపు దాటాల్సిందే" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పోటు తగ్గే వేళకి మందీమార్బలంతో ఒడ్డుకి వచ్చాడు. బండికి పూలదండలు కట్టారు. చిలకని చింతపండుతో తోమారు. ఎండకి తళతళలాడింది. ఉప్పు అమ్ముకుని ఇళ్ళకి పోవాల్సిన జనం ఇరవై మంది అక్కడే ఉన్నారు.

"ఎక్కండి" అన్నాడు రాజు.

ఒక్కరూ ఎక్కలేదు. తొమ్మిది కోసుల నడక కళ్ళ ముందుంది. అయినా ఎక్కలేదు.

నూకమ్మ ముందుకొచ్చింది. "బాబూ, బండి నీది. ముందు నువ్వెక్కు. నీ పక్కన మేం కూర్చుంటాం" అంది మణిదత్తుడితో.

"నేనెక్కితే నేనే తోలానంటారమ్మా. అందుకని ఎక్కను" అన్నాడు నవ్వుతూ.

"పోనీ దాలయ్యలా ఎడ్లకి ముందు నడు."

"చిలక చూస్తుంది కదా, నేనెందుకు?"

"చిలక చూస్తుంది, సరే. తప్పు చూస్తే మునిగేది ఎవరు నాయనా? చిలకా, నువ్వా, మేమా?"

మణిదత్తుడు రాజు వైపు తిరిగాడు. "చదువులేని జనం ప్రభూ. కొత్తదంటే భయం" అన్నాడు.

రాజు మొహం ఎర్రబడింది. "ఎక్కకపోతే భటులు ఎక్కిస్తారు" అన్నాడు.

అప్పుడు జనం వెనక నించి ఒక గొంతు వినబడింది. "ముందు ఖాళీ బండిని పంపండి మారాజా." అది దాలయ్య గొంతు. "అది తిన్నగా దాటితే ఆ తర్వాత నేనే మొదట ఎక్కుతాను. నా బండిని ఇక్కడే విరగ్గొట్టి పొయ్యిలో పెట్టుకుంటాను."

రాజు ఆలోచించి సరేనన్నాడు.

బండి కదిలింది. ఒడ్డు దిగింది. ఎడ్ల కాళ్ళకి నీళ్ళు తగిలాయి. అక్కడ ఎడ్లు రెండూ ఆగిపోయాయి.

మణిదత్తుడి మనుషులు అదిలించారు. కదల్లేదు. కొరడాతో కొట్టారు. వీపులు వణికాయి గానీ కాళ్ళు కదల్లేదు. రెండూ తలలు తిప్పి ఎడమ పక్కకి చూస్తున్నాయి. కాడి మీద చిలక ఎర్ర కళ్ళతో తిన్నగా ముందుకి చూస్తోంది.

"ఎవరి కోసం చూస్తున్నాయవి?" అన్నాడు రాజు.

  దాలయ్య పంచె పైకి కట్టి, కర్ర తీసుకుని, ఎడ్ల ఎడమ పక్క నించి ముందుకి వెళ్ళి నీళ్ళలోకి దిగాడు. అతని కాలు నీళ్ళలో పడగానే ఎడ్లు కదిలాయి.

పది అడుగులు తిన్నగా వెళ్ళాడు. పదకొండో అడుగుకి కర్ర చటుక్కున సగం దాకా దిగిపోయింది. దాలయ్య ఆగాడు. ఎడ్లు ఆగాయి. కర్రని రెండు చేతులా పీకి, కుడికి ఇరవై అడుగులు తిరిగి, మళ్ళీ పొడుచుకుంటూ నడిచాడు. ఎడ్లు అతని వెనకే తిరిగాయి. చిలక మాత్రం కాడి ఎటు తిరిగితే అటు చూసింది.

 బండి అవతలికి చేరాక రాజు మణిదత్తుణ్ణి పిలిచాడు.

"నీ చిలక నిజంగా నేర్చుకున్న రోజున రా. ఆ రోజు దాని బండిలో నువ్వే ముందు కూర్చుంటావు. చెప్పకుండానే కూర్చుంటావు. అప్పుడు మేమూ ఎక్కుతాం."

మణిదత్తుడు ఎడ్లన్నిటినీ వదిలి, చిలకని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయిన పదకొండు మందిని వెతకమని రాజు నాలుగు దిక్కులకీ మనుషుల్ని పంపాడు. ఒక్కడూ దొరకలేదు. కొందరు పేర్లు మార్చుకున్నారట. గురవడు దారిలోనే కన్నుమూశాడట. పదకొండు జతల ఎడ్లు ఏటి ఒడ్డున నిలబడి ఉండేవి. ముందు నడిచేవాడు ఒక్కడే. దాలయ్య ఒక్కో బండినే దాటించి, ఒంటరిగా నీళ్ళలో తిరిగొచ్చి, మళ్ళీ ఇంకో బండిని దాటించేవాడు. పోటు మళ్ళీ ఎక్కేలోపు మూడే అయ్యేవి.

ఒకరోజు ఏటి మధ్యలో ఉండగా వెనక నీళ్ళ చప్పుడైంది. తిరిగి చూస్తే నూకమ్మ. బండి దిగేసింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చేతిలో ఒక వెదురు కర్రతో వస్తోంది.

"బండెక్కు అక్కా, తడుస్తావు" అన్నాడు దాలయ్య.

"నలభై ఏళ్ళు ఉప్పునీళ్ళలోనే ఉన్నాను. కొత్తగా తడిసేదేముంది? ఆ కర్ర ఎలా పట్టుకోవాలో చెప్పు. మా వాళ్ళు ఇంకో పది మంది వస్తామంటున్నారు."

 ఆమె కర్ర పట్టుకున్న తీరు తప్పు. దాలయ్య వేళ్ళు సరిచేసి చూపించాడు. ఇద్దరూ ఎడ్లకి ముందు పక్కపక్కన నడిచారు.

కాబట్టి పిల్లలూ, నన్ను నమ్మి ఎక్కండి అని ఎవరన్నా అంటే మాట చూసి ఎక్కకండి, మెరుపు చూసి ఎక్కకండి. ఆపద వస్తే ముందు నీళ్ళలో దిగే కాలు ఎవరిదో చూసి నమ్మండి.