సాక్షి సమ్మతి

మరైకె ఫోస్ రాసిన తీర్పు పైకోర్టు నుంచి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఏడాదిలో ఇది మూడోసారి.

ఉత్తర జర్మనీలో సముద్రం ఒడ్డున ఒక ఊరి కోర్టుకి ఆమె కొత్త జడ్జి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె ఉండాలో పోవాలో రెండు నెలల్లో అభిప్రాయం రాయవలసింది పైకోర్టు పెద్ద జడ్జి హార్ట్‌విగ్ బ్రెమర్ గారు. తీర్పులు తిప్పి పంపుతున్నదీ ఆయనే.

బ్రెమర్ గారు పడవ నడిపేవాడి కొడుకు. ముప్పై నాలుగేళ్లుగా జడ్జి. రాజధానిలో ఇంకా పెద్ద కుర్చీ ఇస్తామన్నారట. ఇక్కడి మనుషుల మాట అర్థం కావడానికే సగం జీవితం పట్టింది, మళ్ళీ మొదటి నుంచి నావల్ల కాదన్నారట. కొత్త జడ్జీలంతా ఆయన్ని గురువుగా చూసేవాళ్లు. ఆయన మాత్రం ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు.

అక్కడి కోర్టుల్లో ఒక పద్ధతి ఉంది. సాక్షి మాటను ఉన్నదున్నట్టు ఎవరూ రాసుకోరు. జడ్జే అంతా విని, దాన్ని తన మాటల్లో చిన్న టేప్ రికార్డరులోకి చెబుతారు. తర్వాత అది సాక్షికి వినిపించి, సమ్మతమేనా అని అడుగుతారు. మరైకెకి ఈ పనిలో మంచి పేరు. సాక్షి ఎంత గజిబిజిగా మాట్లాడినా ఆమె నోట్లోంచి ఇస్త్రీ చేసినట్టు వచ్చేది.

ఈసారి కేసు ఊవె అనే మనిషిది. పక్కింటి రైతు పిలిస్తే సాయానికి వెళ్ళి, గడ్డి అటక నిచ్చెన మెట్టు విరిగి కిందపడి నడుం విరగ్గొట్టుకుని, రైతు మీద నష్టపరిహారానికి దావా వేశాడు. పాలు పితికే తీల్కె అనే ముసలావిడ సాక్షి. ఆ నిచ్చెనంటే అందరికీ భయమేనని ఆమె చెప్పిందాన్ని మరైకె ఇలా టేపు చేసింది: ‘నిచ్చెన ప్రమాదకరమైనదన్న సంగతి అక్కడ పనిచేసే అందరికీ ముందే తెలుసు.’ తెలిసీ ఎక్కాడు కాబట్టి తప్పు ఊవెదే అయింది. పైకోర్టులో ముసలావిడ నేనలా అనలేదంది.

మరైకె రైలెక్కి తిన్నగా బ్రెమర్ గారి గదికి వెళ్ళింది.

"టేపు వినిపించాను సార్. సమ్మతమే అంది. ఇప్పుడు మీ దగ్గరికొచ్చి మాట మారిస్తే నేనేం చెయ్యను?"

"కూర్చోండి. కాఫీ తాగుతారా?"

"కాఫీ వద్దు సార్, న్యాయం కావాలి."

"దానికి కొంచెం టైం పడుతుంది. కాఫీ అయితే వెంటనే వస్తుంది."

ఆమెకి నవ్వు రాలేదు. ఆయన సొరుగులోంచి తన రికార్డరు తీసి బల్ల మీద పెట్టారు. "సరే, మీ బాధేమిటో చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. వాళ్లమ్మ హోటల్ దుప్పట్లు ఉతికి చదివించింది. ఇంటిల్లిపాదిలో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. నల్లగౌను వేసుకున్న ప్రతి ఉదయం, ఎవరో వచ్చి ఇది నీది కాదు తీసెయ్ అంటారేమోనని భయం. అందుకే మాటలు అంత నున్నగా చెక్కుతుంది. ఇది ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా.

బ్రెమర్ గారు అంతా విని రికార్డరు నోటి దగ్గర పెట్టుకున్నారు. "ఫోస్ గారు తన పదవి పట్ల మక్కువ తెలియజేశారు. దానికి తగిన అర్హత తనకు లేదేమోనన్న సందేహం ఉన్నట్టు అంగీకరించారు."

వెనక్కి తిప్పి వినిపించారు.

"సమ్మతమేనా?"

ఎదురుగా తన బతుకు తేల్చే మనిషి. గోడల నిండా పుస్తకాలు.

"సమ్మతమే సార్," అంది మరైకె.

ఆయన రికార్డరు ఆపేశారు.

మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయింది. నేను చెప్పింది అది కాదే, అనుకుంది.

కేసు మళ్ళీ విచారణకి వచ్చిన రోజు తీల్కె ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని వచ్చింది. మరైకె విని, టేపు చేసి, వినిపించడం మొదలుపెట్టింది. సగం కాకుండానే ముసలావిడ తల ఊపేసింది.

"మీరింకా పూర్తిగా వినలేదు."

"జడ్జిగారు చెప్పాక నేను కాదనేదేముందమ్మా?"

"ఆ నిచ్చెన నేను చూళ్లేదండీ. మీరు చూశారు."

తీల్కె ఆమె మొహంలోకి చూసింది. చేతిసంచీ ఒళ్లోంచి తీసి కింద పెట్టింది.

"అయితే కాదు. నేను భయం అన్నది ఎత్తు చూసి. ఎత్తంటే ఎవరికి భయముండదు? మెట్టు పుచ్చిందని ఎవరికి తెలుసు? తెలిస్తే ఆ పిల్లాణ్ణి ఎక్కనిచ్చేవాళ్లమా?"

రైతు తరఫు లాయరు పైకి లేవబోయాడు. మరైకె చెయ్యెత్తి ఆపి, టేపు చెరిపి మళ్ళీ చెప్పింది. "కాదు," అంది తీల్కె, "అట్లా కూడా కాదు." మళ్ళీ చెరిపింది. భోజనాల వేళ దాటింది. గుమస్తా గడియారం చూసుకుని నిట్టూర్చాడు. తీర్పు ఈసారి ఊవె వైపు వచ్చింది.

వారం తర్వాత ఆమె బ్రెమర్ గారి గది తలుపు తట్టింది.

"సార్, మొన్న ఒక సాక్షి నా మొహం మీదే కాదంది."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

ఆయన ఆమె గురించి అభిప్రాయం రాయవలసిన కాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీశారు.

"నాకు మొదటి ‘కాదు’ వినబడటానికి పదకొండేళ్లు పట్టింది," అన్నారు రాస్తూనే.