వంకర జడ

శ్యామలాంబ గారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. జడ్జిగా రిటైరై ఇప్పుడు ఫ్యామిలీ కోర్టులో మధ్యవర్తిగా కూర్చునే ఆవిడకి పుస్తకం తెరవడం కంటే బయల్దేరడమే అలవాటు. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న దివాకర్ ఆ సంగతి తెలిసీ ఒక శనివారం అడగనే అడిగాడు.

"మేడం, భార్యాభర్తలు విడిపోతే పిల్లల్ని చెరిసగం రోజులు ఉంచాలని కొత్త చట్టం తెస్తారట. మన అభిప్రాయం పంపమన్నారు. చెరిసగం న్యాయమా, తల్లి దగ్గరే ఉంచడం న్యాయమా?"

"రా," అన్నారావిడ.

తీసుకెళ్లింది కోర్టు వెనక ఉన్న పిల్లల గదికి. వేరుపడిన తండ్రులు పిల్లల్ని కలుసుకునేది అక్కడే. తల్లి బయట బెంచీ మీద కూర్చోవాలి, తలుపు మూసి ఉండాలి, పెద్దవాళ్లిద్దరూ మాట్లాడుకోకూడదు. గొడవలు పడకుండా పెట్టిన నియమం, మంచి ఉద్దేశంతోనే పెట్టారు పాపం. లోపల సూర్యం అనే లారీ డ్రైవరు సున్నుండల డబ్బా ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఆరేళ్ల కూతురు చిన్మయి తలుపు గొళ్లెం పట్టుకుని వెక్కుతోంది. వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఈసారీ పిల్ల దగ్గరికి రాకపోతే ఇక ఈ కలయికలు ఆపేస్తామని కోర్టు చెప్పేసింది. అందుకే కాబోలు, ఆ మనిషి డబ్బా మూత తియ్యడానికి కూడా జంకుతున్నాడు.

తల తలుపుకేసి రుద్దీ రుద్దీ పిల్ల జడ ఊడిపోయింది.

"నేను వెయ్యనా తల్లీ?" అన్నాడు సూర్యం.

"నీకు రాదు."

"రాదమ్మా. అమ్మనడుగు, చెబుతుంది."

చిన్మయి తలుపు సందులో నోరు పెట్టింది. "అమ్మా, నాన్నకి జడ రాదంట."

అవతల నుంచి తల్లి సునంద గొంతు నెమ్మదిగా వినిపించింది. "మూడు పాయలు తియ్యమను."

"మూడు పాయలు తియ్యి నాన్నా," అంటూ పిల్ల వచ్చి అతని ముందు వీపు తిప్పి కూర్చుంది.

గదిలో కాపలా ఉండే ఉద్యోగిని లేచింది. "మేడం, వాళ్లిద్దరూ మాట్లాడుకోకూడదండీ."

"వాళ్లెక్కడ మాట్లాడుకుంటున్నారమ్మా? మాట్లాడేది పాప," అన్నారు శ్యామలాంబ గారు.

గట్టిగా లాగొద్దని తలుపవతల నుంచి మాట వస్తే, పిల్ల దాన్ని తండ్రికి అందించేది. స్టీరింగు తిప్పే ఆ మోటు చేతులు ఒక్కో పాయా జాగ్రత్తగా అల్లాయి. పిల్ల ఏడుపు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. చూసేసరికి దాని నోట్లో సున్నుండ ఉంది. దివాకర్‌కి దుఃఖం ముంచుకొచ్చింది. లా చదివినవాడు కనక కళ్లద్దాలు మాత్రం తుడుచుకున్నాడు.

టైమయ్యాక తలుపు తీశారు. జడ చెవి పక్కకి వంకరపోయింది. రిబ్బనుకి లారీ మీద టార్పాలిన్‌కి వేసే ముడి పడింది. సునంద చెయ్యి అలవాటుగా ముడి దాకా వెళ్లి ఆగిపోయింది. "బావుంది, పద," అని కూతురి చెయ్యి పట్టుకుంది.

మెట్లు దిగుతూ దివాకర్ అడిగాడు. "ఇంతకీ ఏం రాయమంటారు మేడం?"

"సునంద ముడి సరిచెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది, చూశావా?" అన్నారు శ్యామలాంబ గారు. "రోజుల లెక్క ఏదైనా, అలా వెనక్కి తగ్గడానికి చోటుండేట్టు రాయి."