ఓబులమ్మకు తెలిసిన సారీ

మా మండలాఫీసులో చంద్రమౌళి అని ఒక గుమాస్తా ఉండేవాడు. చేయాల్సిన పని పక్కకు నెట్టి ఒక సారీ పడేయడం అతని అలవాటు. చెడ్డవాడేం కాదు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం దాకా కిటికీ ముందు వరస తరిగేది కాదు. కరెంటుంటే కంప్యూటరు మొరాయించేది, కంప్యూటరు దారికొస్తే కరెంటు పోయేది. మొదట్లో ఎవరి పనైనా కాకపోతే పాపం బాధపడేవాడు. పోనుపోను బాధ అరిగిపోయి మాట ఒక్కటే మిగిలింది.

ఓబులమ్మ ఆరు మైళ్లు నడిచి అక్కడికి వచ్చేది. ఆమె మొగుడికి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. వాళ్ల ఊరికి కంటి ఆపరేషన్ల శిబిరం వస్తోంది, వైద్యం కార్డు ఉంటే చాలన్నారు. కార్డు ఇంటి ఆడమనిషి పేరనే ఇస్తారు కాబట్టి ఆమె వేలిముద్ర పడాలి. చెనక్కాయలు ఒలిచీ ఒలిచీ ఆమె వేళ్ల మీద గీతన్నది లేదు. మిషను ఒప్పుకోలేదు. వేలిముద్ర పడనివాళ్లకు కంటిపాపను ఫొటో తీసే మిషను ఇంకోటి ఉంది. అది బీరువాలో పాత ఫైళ్ల కింద పడి ఉంది. తీయాలి, దుమ్ము దులపాలి, వైరు వెతకాలి. ఎవడు తీస్తాడు?

"సారీ అవ్వా, రేపు రా" అన్నాడు చంద్రమౌళి. ఆమె మర్నాడు వచ్చింది. "సారీ అవ్వా" అన్నాడు. మూడోసారీ అంతే.

నాలుగోసారి వచ్చినప్పుడు వరసలో ఆమె వెనకాల నేనున్నాను. ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, గొంతు అరిగి రిటైరైనవాణ్ణి. చంద్రమౌళి తలెత్తకుండానే "సారీ" అన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగింది.

"అదేందమ్మా, ఎందుకని కూడా అడగవా?" అన్నాను.

"అడిగేదేముంది సామీ. సారీ అంటే రేపు రమ్మని కదా" అంది.

నలుగురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఊళ్లో ఆ మాట అందరికీ నేర్పినవాణ్ణి నేనే.

"కాదమ్మా. వెనకటి ఇంగ్లీషులో ఆ మాటకు నొప్పి పడుతున్నవాడని అర్థం. పుండుకు వాళ్లు వాడే సోర్ అన్న మాటా, ఇదీ ఒక్క కడుపున పుట్టినవే. నీకిలా జరిగినందుకు నాకూ నొప్పిగా ఉందని చెప్పుకోవడమన్నమాట."

ఓబులమ్మ చంద్రమౌళి వైపు జాలిగా చూసింది. "యాడ నొప్పి నాయనా నీకు?" అని అడిగింది.

అతనికి చిరాకేసింది. "మాస్టారూ, పొద్దున్నుంచి నూటెనభై మందిని చూశాను. ఇంక మీరు మొదలెట్టకండి" అన్నాడు. తర్వాత కాస్త తగ్గి, "శిబిరం ఎప్పుడవ్వా?" అన్నాడు.

"మొన్ననే అయిపాయ. మళ్లా ఏడాదికంట."

"మరి ఇవాళ ఎందుకొచ్చావు?"

"నువ్వు రమ్మంటివి కదా నాయనా."

చంద్రమౌళి నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. లేచి వెళ్లి బీరువా తెరిచాడు. తొమ్మిది నిమిషాల్లో పని అయిపోయింది.

మర్నాడు అతను సెలవు పెట్టి ముసలివాళ్లిద్దర్నీ జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం దాకా వరసలో నిలబడితే, కిటికీ అవతల ఎవరో తలెత్తకుండా "సారీ, డాక్టరుగారు లేరు" అన్నారు. ముసలాయన గోడ తడుముకుంటూ బస్సు కోసం బయలుదేరాడు. ఓబులమ్మ చంద్రమౌళి భుజం తట్టి, "పోనీలే నాయనా, రేపొస్తాం. మాకలవాటే" అంది. ఆ మాటకు తన గుండె కలుక్కుమందని, అవ్వ అడిగిన నొప్పి ఎక్కడుందో అప్పుడు తెలిసిందని తర్వాత నాతో చెప్పుకున్నాడు.

మూడు రోజులు తిరిగి ఆపరేషను చేయించాడు. ఒక కన్నే దక్కింది. రెండోదానికి ఆలస్యమైపోయిందన్నారు.

ఇప్పుడు ఆ మిషను అతని బల్ల మీదే ఉంటుంది. పని కాకపోతే ఇప్పటికీ సారీ అంటాడు, అయితే ముందు లేచి అన్ని దారులూ చూసొచ్చి అంటాడు. నేను మాత్రం అన్నేళ్లూ పిల్లలకు ఆ మాట పలకడం నేర్పి, అసలు సంగతి వదిలేశాను. అందుకే ఆలస్యంగానైనా చెబుతున్నాను: ఎదుటివాళ్ల నొప్పి మన మనసుకు తగలకుండా, దాన్ని తీర్చడానికి మన చెయ్యి కదలకుండా ఎవరికీ సారీ చెప్పకూడదు.